మోగని గంట, ముడిమ్యాల బావులు

మా కంప్యూటర్ యూనిట్ చరిత్ర మీద ఇంతకు ముందు కూడా సంచికలు వచ్చాయి. మొదటిదానిలో నా పేరు లేదు. రెండోదానిలో ఉంది, కాని టైపిస్టుల వరుసలో ఉంది. మూడోదానిలో ఒక ఫోటో వేశారు. కంప్యూటరు డ్రమ్ము పక్కన నిలబడిన వాళ్లలో కుడివైపు చివర ఒక మోచేయి కనిపిస్తుంది. అది నాది.

ఈసారి సంచిక కోసం ఫోన్ చేసిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "సర్, మీ మధుర జ్ఞాపకాలు ఒక పేజీన్నర రాసివ్వండి, కొత్తగా చేరేవాళ్లకు స్ఫూర్తిగా ఉంటుంది" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్లూ నా నంబరు దగ్గర పెట్టుకుని ఇప్పుడు ఇచ్చినవాళ్ల మీద ఉంది. మధుర జ్ఞాపకాలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటితోపాటు ఒక ప్రశ్న కూడా ఉంది. రెండూ కలిపి పేజీన్నరలో పట్టవు. దయచేసి కుదించకుండా వేయండి. కుదిస్తే నాకు తెలిసిపోతుంది.

చల్లటి గది

ఇప్పుడు మొయినాబాద్ అంటే ఫామ్‌హౌస్‌లు, కాలేజీలు, పెళ్లి మండపాలు. మేము పనిచేసిన రోజుల్లో రోడ్డుకు ఒక పక్క జొన్న చేలు, ఇంకో పక్క మా బంగళా. పట్నంలో కిరాయి భరించలేక పై అధికారులు ఆ పాత విడిది బంగళాను మాకు అప్పగించారు. అంత దూరంలో కంప్యూటరు ఏమిటని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మాది చేవెళ్ల అవతల ఆలూరు. బస్సులో వచ్చి బస్సులో పోయేంత దూరంలో ఇంజనీరు ఉద్యోగం దొరుకుతుందని మా ఇంట్లో ఎవరూ కలగనలేదు.

ఆ యంత్రం ఏదో పరిశోధనాలయం వాడుకుని వదిలేసినది. చిల్లులు కొట్టిన కార్డులు చదివే రీడరు, ప్రింటరు, దీపాలు మెరిసే బల్ల, వాటన్నిటి వెనక డ్రమ్ము. డ్రమ్ము అంటే నూనె పీపా అంత ఇనుప పీపా. దాని మీద అయస్కాంతపు పూత. అది గిరగిరా తిరుగుతూ ఉంటే అంకెలన్నీ ఆ పూత మీద నిలిచి ఉండేవి. ఈ రోజు మీ హార్డ్ డిస్కులు చేసే పని అప్పట్లో అది చేసేది. పొద్దున స్విచ్ వేస్తే మొదట మూలిగి, తరువాత సన్నగా కూసి, చివరికి ఒకే స్వరం మీద నిలబడేది. ఆ స్వరం నిలబడ్డాకే మేము టీకి లేచేవాళ్లం. ఎన్నో పెద్ద పెద్ద యంత్రాలు చూశాను కాని, అంత హాయైన చప్పుడు మళ్లీ వినలేదు.

ఎండాకాలంలో తాలూకా మొత్తానికి చల్లగా ఉండే గది అదొక్కటే. ఏదో పని పెట్టుకుని ఊళ్లవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్లు. మా ఆపరేటరు యూసుఫ్ భాయి టేపు బీరువా వెనక మజ్జిగ కుండ పెట్టేవాడు. ఆఫీసరుకు తెలుసు, కాని అడిగేవాడు కాదు, ఆయనకూ ఒక గ్లాసు అందేది కాబట్టి.

ఆ ఆఫీసరు వెంకటాచలం గారు. కృష్ణా జిల్లా నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. నేను చూసిన తెలివైన మనుషుల్లో ఆయన ఒకరు. ఇంటరప్ట్ అంటే ఏమిటో నాకు బోర్డు మీద గీసి చెప్పింది ఆయనే. ఈ వాక్యం రాయడం నాకు ఇష్టం లేదు, కాని అది నిజం. ఢిల్లీ నుంచి ఎవరైనా వస్తే మాత్రం నన్ను "మా లోకల్ కుర్రాడు" అని పరిచయం చేసేవారు. నా పక్కన కూర్చునే వాళ్లకు పేర్లుండేవి, డిగ్రీలుండేవి. నాకు ఊరు ఉండేది.

దవాఖాన లెక్క

నా పని డ్రమ్ముకు హ్యాండ్లర్ రాయడం. మీరిప్పుడు డ్రైవర్ అంటున్నది అదే. ప్రోగ్రాముకు కావలసిన అంకెల్ని డ్రమ్ము మీద నుంచి తెచ్చి ఇచ్చే చిన్న ప్రోగ్రాము. అడగడం సులువు. డ్రమ్ము తెచ్చి పెట్టిందని తెలుసుకోవడమే కష్టం.

కొత్తవాళ్లకు నేను ఎప్పుడూ దవాఖాన లెక్కన చెప్పేవాణ్ని. మీరు మందుల చీటీ లోపలికి ఇచ్చారు. కిటికీ వదలకుండా "అయిందా, అయిందా" అని అడుగుతూ నిలబడటం ఒక పద్ధతి. మందు తప్పకుండా దొరుకుతుంది, కాని మీ రోజంతా అక్కడే పోతుంది. బెంచీ మీద కూర్చుని మీ పని చూసుకుంటుంటే కాంపౌండరు గంట కొట్టి పిలవడం రెండో పద్ధతి. అదే ఇంటరప్ట్. మూడోది నేను రాసింది. గంట కోసం కూర్చో. చాలాసేపు గంట వినపడకపోతే లేచి వెళ్లి అడుగు. గంట వినపడినా సీసా మీద నీ పేరు ఉందో లేదో చూసి తీసుకో.

నా హ్యాండ్లర్లో మూడు పద్ధతులూ ఉండేవి. ప్రోగ్రాము రాసేవాడు తనకు ఏది కావాలో చెప్పవచ్చు. చెప్పకపోతే హ్యాండ్లర్ తనంతట తాను పట్టుకునే పద్ధతిని డిఫాల్ట్ అంటారు. మాకు ప్రోగ్రాములు రాసేవాళ్లు గణాంకాల వాళ్లు. వాళ్లలో ఒక్కరు కూడా పద్ధతి చెప్పేవారు కాదు. అలా చెప్పవచ్చునని కూడా వాళ్లకు తెలియదు. కాబట్టి డిఫాల్ట్ ఏదైతే అదే అందరి పద్ధతి. ఒకటా, రెండా, మూడా అనే ఆ ఒక్క అంకె ఎవరు పెడతారో వాళ్లే తాలూకా పనంతటికీ పద్ధతి నిర్ణయించినట్టు.

నేను మూడోది పెట్టాను. వెంకటాచలం గారు దాన్ని రెండోదిగా మార్చారు.

ఆయన కారణం తీసిపారేసేది కాదు. డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. గంట మోగాక మనం సీసా మీద పేరు చూస్తూ కూర్చుంటే ఆ క్షణంలో తరువాతి అంకెలున్న గడి దాటిపోతుంది. అది మళ్లీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. నా పద్ధతిలో పని నిజంగానే నెమ్మదిగా నడిచేది. ఆయన పద్ధతిలో పరుగెత్తేది. ఢిల్లీ వాళ్లు గడియారం చూసుకుని మెచ్చుకున్నది ఆ పరుగునే.

సోమవారం మీటింగు

మాకు ప్రతి సోమవారం మీటింగు ఉండేది. ఆ సోమవారం అందరూ ఉన్నారు. నేను లేచి, కార్డు రీడరూ డ్రమ్మూ ఒకేసారి గంట కొడితే మన యంత్రం ఒక గంటే వింటుందని, రెండోది ఎక్కడికో పోతుందని చెప్పాను. పోయింది డ్రమ్ము గంట అయితే ఏం చేయాలని అడిగాను.

"పోతే యంత్రం ఆగిపోతుంది. ఆగితే ఆపరేటరుకు తెలుస్తుంది. తెలిసే తప్పుతో ప్రమాదం లేదయ్యా, తెలియని తప్పుతోనే" అన్నారు వెంకటాచలం గారు.

"ఆగితె యూసుఫ్ భాయి మీట నొక్కుతడు సర్" అన్నాను.

అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. మా ఆపరేటర్లంతా అంతకు ముందు పాత టాబ్యులేటర్ల మీద పనిచేసి వచ్చినవాళ్లు. అది కార్డులు లెక్కపెట్టే యంత్రం. కార్డు ఇరుక్కుని ఆగితే, ఇరుక్కున్నది లాగేసి స్టార్ట్ మీట నొక్కాలి. అక్కడ అది సరైన పని. ఏళ్ల తరబడి చేసి చేసి, ఏ యంత్రం నిలబడినా చెయ్యి దానంతట అదే మీట మీదికి పోయేది. కాని మా యంత్రంలో ఆ మీట నొక్కితే ఏమవుతుంది? ప్రోగ్రాము గంట మోగిందనుకుని ముందుకు పోతుంది. గంట వినపడితేనే హ్యాండ్లర్ డ్రమ్ము అంకెల్ని మెమరీలోకి తెస్తుంది, తెచ్చిందా లేదా అని ప్రోగ్రాము చూడదు. మెమరీలో అప్పటికే ఉన్న పాత అంకెల్నే కొత్తవనుకుని లెక్క వేసేస్తుంది.

యూసుఫ్ భాయి నొచ్చుకున్నాడు. "నిలబడ్డదంటె నొక్కాలె గద రత్నం భాయ్. నొక్కకుంట దానికి దండం వెట్టుకుంట కూసోవాల్నా?" అన్నాడు. మళ్లీ నవ్వులు.

నేను ఊరుకోలేదు. ఆపరేటరు చెయ్యి ఎటు పోతుందో అది కూడా డిఫాల్టులో భాగమేనని అన్నాను. అప్పుడు వెంకటాచలం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"జీవరత్నం, నువ్వు మాట్లాడుతున్నది డ్రమ్ము గురించా, బయట జరుగుతున్నదాని గురించా?"

అవి తొలి తెలంగాణ ఉద్యమం రోజులు. ఆయన ఆ మాట అనగానే గదిలో అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు చూశారు. నా ప్రశ్న డ్రమ్ము గురించి. దాన్ని ఆయన లోకల్ వాడి ఫిర్యాదుగా మార్చేశారు. ఆ తరువాత నేను ఏ మాట మాట్లాడినా దానికి ఆ రంగు అంటుకునే ఉంది. ఆ సోమవారం నాకు ఇప్పటికీ మండుతుంది. వయసుతో చల్లారుతుందన్నారు. చల్లారలేదు.

బస్సులు లేని రోజులు

బందులు మొదలయ్యాయి. గోడల మీద సున్నంతో, బొగ్గుతో "జై తెలంగాణ". బళ్లు మూశారు. పట్నంలో కాల్పులు జరిగాయని, పిల్లలు చనిపోయారని కబురు వచ్చిన రోజు మా ఊరి చర్చిలో పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఆగిపోయి మళ్లీ అందుకోలేకపోయారు. మా వాళ్లలో చదువుకుని ఇంట్లో కూర్చున్న పిల్లలు ఎంతమందో నాకు తెలుసు. నేను కూడా జై తెలంగాణ అన్నవాణ్నే. ఎవరూ బలవంతపెట్టకుండానే అన్నాను.

బస్సులు లేక సైకిలు మీద వెళ్లేవాణ్ని. చేవెళ్ల చౌరస్తాలో పిల్లలు అడ్డం నిలబడేవాళ్లు. నినాదం ఇమ్మంటే ఇచ్చేవాణ్ని. "మరి యాడికి పోతున్నవన్నా?" అంటే డ్యూటీకి అనేవాణ్ని. "అంత మంచిగ అరిచి మళ్ల డ్యూటీ ఏందే" అని చక్రాల్లో గాలి తీసేసి, "జర నడువు, బంద్ అంటె ఏందో తెలుస్తది" అనేవాళ్లు. అక్కడి నుంచి సైకిలు తోసుకుంటూ పోయేవాణ్ని. వాళ్లలో ఒకడే కొంతదూరం నాతో నడిచి, కంప్యూటరు లోపల మనుషులు ఉంటారా అని అడిగాడు. ఉండరు అన్నాను. దారి ఖాళీగా ఉండేది. చేలమీద గాలి, పిట్టల అరుపులు, ఎక్కడో దూరంగా నినాదం. ఆ వయసులో ఆ నడక కూడా బాగుండేది.

అప్పుడు మా దగ్గర ఉన్న పని చేవెళ్ల తాలూకా బావుల సర్వే. ప్రతి ఊళ్లో ప్రతి బావి లోతు, ఎండాకాలంలో నీళ్లు ఎంత, అడుగున మట్టా రాయా, బండ పేల్చారా, సగంలో వదిలేసి ఇంకోటి తవ్వారా, అన్నీ కార్డుల మీద కొట్టించారు. ఊరి వారీగా లెక్క తేలితే ఏ ఊరికి కరెంటు మోటార్లు మంజూరు చేయాలో పైవాళ్లు నిర్ణయిస్తారు. నీళ్లు లేని ఊరికి మోటారు ఇవ్వరు. అంతే.

మామూలు రోజుల్లో పొద్దుటిపూట కార్డులు చదివించి డ్రమ్ము మీద వేసేవాళ్లం, మధ్యాహ్నం డ్రమ్ము మీద నుంచి తీసి లెక్క వేసేవాళ్లం. రీడరు గంట, డ్రమ్ము గంట ఎప్పుడూ ఎదురుపడేవి కావు. వెంకటాచలం గారి పద్ధతి పరీక్షలో నెగ్గింది అందుకే. బందుల మధ్య బస్తాలకొద్దీ కార్డులు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. పనిచేసే పూటలు తగ్గిపోయాయి. ఒక పక్క కార్డులు చదువుతూ ఇంకో పక్క లెక్క వేయండని ఆయన ఆర్డరు వేశారు.

రెండు గంటలూ ఎదురుపడటం మొదలైంది. యంత్రం మాటిమాటికీ నిలబడేది. యూసుఫ్ భాయి మీట నొక్కేవాడు. అది కదిలేది. ప్రింటరు టకటకా కొట్టుకుంటూ పోయేది. నేను వెళ్లి చెబితే వెంకటాచలం గారు తల ఎత్తకుండానే, పని కదులుతోంది కదా అన్నారు.

ఎలీషా మామ

ఎలీషా మామ మా అమ్మకు తమ్ముడు. ఊరు ముడిమ్యాల. మోట కొట్టి కూరగాయలు పండించేవాడు. ఎండాకాలం నడిమధ్యలో కూడా ఆ బావి మోటకు నీళ్లిచ్చేది. సెలవుల్లో మేము ఈత నేర్చుకున్నది ఆ బావిలోనే. మోటారు వస్తుందని ఆయన ఎద్దుల్ని అమ్మడానికి బేరం కూడా పెట్టుకున్నాడు.

ఫలితాలు పైకి వెళ్లిన కొన్నాళ్లకు మామ మొయినాబాద్ వచ్చి మా బంగళా మెట్ల మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అల్లుడా, మా ఊరికి మోటార్లు లేవంట. బావులల్ల నీళ్లు లేవని మీ మిషిను చెప్పిందంట గద."

తప్పుగా విని ఉంటాడనుకున్నాను. ఎవరు చెప్పారని అడిగాను.

"తాలూకా ఆఫీసుల పెద్ద సారు సదివి చెప్పిండు. అడుగున బండ అంట. ఒకాయన బండ పేల్చి, సగంల ఇడిసిపెట్టి, పక్కపొంటి ఇంకో బావి తవ్వుకున్నడంట. మా ఊర్లె బండ పేల్చినోడు ఎవడు బిడ్డా? నేనైతె యాడ సూడలే."

ఆ బావి నాకు తెలుసు. బండ పేల్చి, సగంలో వదిలేసి, పక్కనే ఇంకో బావి తవ్వుకున్నది మా బాపు. ఆలూరులో. ఆ పేలుడుకు మా వంటింటి పెంకులు రాలిపడ్డాయి. సర్వే వాళ్లకు ఆ సంగతి మా బాపే గొప్పగా చెప్పుకున్నాడు. ఆలూరు కార్డుల తరువాత వచ్చేవి ముడిమ్యాల కార్డులు. ఆ రెండు ఊళ్ల మధ్య గంట పోయింది, యూసుఫ్ భాయి మీట నొక్కాడు, మా ఊరి బావులన్నీ లేచి ముడిమ్యాలకు నడిచి వెళ్లాయి.

మరుసటి రోజు ముడిమ్యాల కార్డుల్ని విడిగా, రీడరు ఆపేసి, నా పద్ధతిలో నడిపించాను. నీళ్లున్నాయి. ఎండాకాలంలో కూడా ఉన్నాయి. ఆలూరు కంటే ముందు మోటార్లు రావలసిన ఊరు అది.

ఇద్దరికీ కానివాణ్ని

వెంకటాచలం గారు పాత లెక్క, నా లెక్క, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. నాతో వాదించలేదు. ఆయనకు నా మాటకంటే ముందే అర్థమైంది, అది ఆయన ముఖంలో కనిపించింది.

"డిఫాల్ట్ నీ పద్ధతికి మార్చు" అన్నారు.

మారుస్తాను, మరి ముడిమ్యాల సంగతేమిటి అని అడిగాను. పైకి రాయాలి కదా అన్నాను.

"పంపినవి పంపేశాం. ఇప్పుడు తప్పని రాస్తే, ఈ గొడవల్లో, ఆంధ్రా ఆఫీసరు కావాలని ఆ ఊరి నీళ్లు ఎండగట్టాడంటారు. యూనిట్ మూసేస్తారు. నీకూ ఉద్యోగం ఉండదు, యూసుఫ్‌కూ ఉండదు. వచ్చే సర్వేలో సరిచేద్దాం."

ఆయన భయం అబద్ధం కాదని ఆ సాయంత్రమే తెలిసింది. కార్డులు కొట్టే పంచింగు గదిలో పనిచేసే నర్సింలు నాకు మంచి స్నేహితుడు, ఉద్యమంలో మీటింగులు పెట్టేవాడు. సంగతి ఎట్లా పొక్కిందో, బంగళా బయట నన్ను ఆపాడు.

"అన్నా, రేపు మీటింగు ఉన్నది. నువ్వు మైకు ముంగట ఒక్కటే మాట చెప్పు. ఆంధ్ర సారు మన బావులు మాయం జేసిండని చెప్పు సాలు."

"చేయలే నర్సింలు. గంట పోయింది. మీట నొక్కింది మన యూసుఫ్ భాయి."

"గంటలు, మీటలు జనానికి ఏం సమజైతయ్ అన్నా? నష్టమైంది నిజమే గద? ఆయన నిన్ను అందరి ముంగట ఎంత మాటన్నడో యాద్ లేదా?"

ఉంది. అయినా చెప్పలేదు. వెంకటాచలం గారు గర్వం కొద్దీ వినలేదు. పగతో చేయలేదు. నాకు జరిగిన అవమానం వేరు, ముడిమ్యాలకు జరిగిన నష్టం వేరు. ఒకదానికి ఇంకోదాన్ని సాక్ష్యంగా పెట్టడం నా వల్ల కాలేదు. నర్సింలు అప్పటి నుంచి నాతో టీ తాగలేదు. "సారు మనిషివి" అన్నాడు. లోపల నేను ఉద్యమం మనిషిని, బయట సారు మనిషిని. ఆ రెండు పేర్లూ రిటైరయ్యే దాకా నా వెంటే వచ్చాయి.

వచ్చే సర్వే రాలేదు. యూనిట్‌ను పట్నానికి మార్చారు. నేను వెంకటాచలం గారి పై అధికారిని వెళ్లి కలిశాను. కుర్చీ చూపించలేదు, నిలబెట్టే విన్నాడు. చూద్దాం అన్నాడు. కొన్నాళ్లకు వెంకటాచలం గారు ఢిల్లీలో ఒక సదస్సులో ప్రసంగించారు. గంట కోసం ఆగి, గంట రాకపోతే అడిగి, వచ్చినా సరిచూసుకునే పద్ధతి మా యూనిట్ కనిపెట్టిందని చెప్పారట. సదస్సుకు వెళ్లివచ్చిన వాళ్లు నాకు ఆ సంగతి సంతోషంగా చెప్పారు. యూనిట్ అంటే ఎవరో అక్కడ ఎవరూ అడగలేదు.

కొత్తగా చేరేవాళ్లకు

ఆ తరువాత ఎన్నో చోట్ల ఎన్నో డిస్కులకు డ్రైవర్లు రాశాను. డ్రమ్ములు పోయాయి, బీరువా అంత డిస్కులు వచ్చాయి, అవి అరచేతిలోకి దిగాయి. గంటను తీగ మీద పంపే పద్ధతి పోయి, పరికరమే ప్రాసెసరుకు సందేశం రాసిపెట్టే పద్ధతి వచ్చింది. వాదన మాత్రం మారలేదు. చివరగా పనిచేసిన కంపెనీలో స్రవంతి అనే ఇంజనీరు, సందేశ పద్ధతే డిఫాల్ట్ చేద్దాం సర్, అదే వేగం అని వచ్చింది. కొన్ని పాత బోర్డుల మీద ఆ సందేశాలు అందవు కదమ్మా అన్నాను. వాళ్లు సెట్టింగు మార్చుకుంటారు సర్ అంది.

ఎవరు మార్చుకుంటారు? ఆ సెట్టింగు ఉందని తెలిసినవాడు మార్చుకుంటాడు. డిఫాల్ట్ వాడి కోసం కాదు. అది ఉందని కూడా తెలియని వాడి కోసం. ముడిమ్యాలలో మోట కొట్టుకునేవాడికి మన డ్రైవర్లో ఒక అంకె ఉందని తెలుస్తుందా? ఇది మొదట గుర్తుపెట్టుకోండి.

కొత్త పద్ధతిని వద్దనకండి. నేను ఎప్పుడూ వద్దనలేదు, నేను వద్దన్నానని చెప్పేవాళ్లున్నారు, అది అబద్ధం. ముందు కొత్తదాన్ని ప్రయత్నించండి. డ్రైవరు ప్రోగ్రాము మొదలవగానే డిస్కుకు ఒక ఉత్తుత్తి పని ఇచ్చి, గంట అందుతుందో లేదో చూడండి. అందకపోతే మారు మాట్లాడకుండా పాత పద్ధతికి దిగండి, దిగామని కనిపించేచోట రాయండి. స్రవంతి అలాగే రాసింది. ఆమె నా పేరు కూడా రాసింది. అలా రాసిన మనిషి నా మొత్తం సర్వీసులో ఆమె ఒక్కతే.

పరీక్షలు ప్రశాంతంగా ఉన్న రోజున చేయకండి. అన్ని పరికరాలూ ఒక్కసారిగా మోగేట్టు చేసి చూడండి. యంత్రం నిలబడితే పక్కనున్న మనిషి చెయ్యి ఎటు పోతుందో కూడా చూడండి. అతన్ని తిట్టకండి. యూసుఫ్ భాయిని అందరూ తిట్టారు, ఆయన అంతకు ముందు యంత్రం నేర్పిన పనే చేశాడు. ఆయనకు తెలిసిన మంచి అలవాటు ఈ యంత్రంలో తప్పు అవుతుందని మేము చెప్పలేదు, యంత్రంలో కూడా అడ్డం పెట్టలేదు. నిలబడిపోయే యంత్రంతో వేగవచ్చు. నిలబడాల్సిన చోట నిలబడకుండా అబద్ధం చెప్పే యంత్రంతో వేగలేం.

ఇక పైవాళ్ల సంగతి. మీ ప్రశ్నకు జవాబు లేనప్పుడు మీ ఊరు అడుగుతారు. అడిగినప్పుడు చెప్పండి, సిగ్గుపడవద్దు. చెప్పాక అదే ప్రశ్న మళ్లీ అడగండి.

నేను అడుగుతున్నది

తప్పు తేలిన వారంలోనే నేను ముడిమ్యాల వెళ్లి ఎలీషా మామకు అంతా చెప్పాను. లెక్క తప్పు మామా, నీ బావి మంచిదే, యంత్రం పొరపాటు చేసిందని చెప్పాను. మామ బావి గట్టు మీద కూర్చుని విన్నాడు. కింద నీళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"నువ్వు నా మీద ప్రేమకొద్ది చెప్తున్నవ్ బిడ్డా. మిషినుకు ఎవలు సుట్టం? అది ఊకెనే ఎందుకు చెప్తది? నాలుగొద్దులైతె ఇంకుతయేమో ఈ నీళ్లు."

"ఇంకయి మామా. నా మాట ఇను."

"గట్లయితె మీ సారుతోని చెప్పియ్యి. సారు వచ్చి చెప్తె ఇంట."

అడిగినా సారు రాలేదు. మామ ఆ ఏడు బావి పూడిక తీయించలేదు. ఇంకిపోయే బావికి ఖర్చెందుకన్నాడు. ఊళ్లో ఇంకా కొందరు అలాగే అన్నారు. పక్క ఊళ్లలో మోటార్లు తిరుగుతుంటే ముడిమ్యాలలో మోట మీద మోట మూలపడింది. పూడిక తీయని బావి ఏం చేస్తుంది? కొన్నేళ్లకు నిజంగానే ఇంకింది. అప్పుడు మామ నాతో, "సూసినవా, మిషిను ముందే చెప్పింది" అన్నాడు. ఆ మాట మీదే పోయాడు. తన సొంత చేత్తో తోడిన నీళ్లను ఆ మనిషి నమ్మలేదు. మా కాగితాన్ని నమ్మాడు.

ఆయన కొడుకు దానియేలు ఇప్పటికీ ఆ బావి ఉన్న చేనును "నీళ్లు లేని చెలక" అనే అంటాడు. నేను ఎంత చెప్పినా నవ్వి ఊరుకుంటాడు. "బావా, నువ్వు మా ఇంటోనివి. నీ మాట ఇంట్ల చెల్లుతది. ఆఫీసోళ్లు అంటె ఊర్లె చెల్లుతది" అంటాడు. అతని మాటలో తప్పు లేదు. ఊరికి చెప్పింది ఆఫీసు. కాదని చెప్పవలసింది కూడా ఆఫీసే.

వెంకటాచలం గారి తరువాత కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కరినీ వెళ్లి కలిశాను. ఒకరు పాత సంగతులెందుకన్నారు. ఒకరు ఆ యంత్రమే లేదు కదా అన్నారు. ఒకరు నన్ను సన్మానానికి పిలుస్తామన్నారు, పిలవలేదు, పిలిచినా నేను వెళ్లేవాణ్ని కాదు. కాదు అని ఎవరూ అనలేదు. అవును అని కూడా ఎవరూ అనలేదు.

ఈ సంచిక తెస్తున్న డైరెక్టరు గారిని ఇప్పుడు నేరుగా అడుగుతున్నాను. మీ వయసు నాకు తెలియదు, ఈ తప్పు జరిగినప్పటికి మీరు పుట్టి కూడా ఉండరు. అయినా కుర్చీ అదే. ముడిమ్యాల బావుల్లో నీళ్లు ఉండేవని, మేము లేవని చెప్పామని, అది మా తప్పేనని, మీరు ఒకసారి ఆ ఊరికి వెళ్లి పదిమందిలో నిలబడి చెప్పండి. మోటార్లు ఇమ్మని అడగడం లేదు. డిఫాల్ట్ నాదని చెప్పమని కూడా అడగడం లేదు, అది నేను విడిగా అడుగుతాను. చెలకకు పడిన ఆ పేరు ఒక్కటి తీసేయండి. వెళ్తారా, వెళ్లరా? వెళ్లనంటే ఎందుకు వెళ్లరో నాతో కాదు, దానియేలుతో చెప్పండి. పొద్దుటిపూట చెలకలోనే ఉంటాడు. ఎవరైనా ఒకరు వచ్చి అతనికి జవాబు చెప్పండి.